పెదవుల్లోని ప్రార్థన

మా ఆడపడుచు చేసిన ఒక ప్రార్థన వల్ల, శుభ్రంగా బతికున్న మనిషికి అంత్యక్రియల ఏర్పాట్లు మొదలైపోయాయి. పిల్లలంతా తెల్లబట్టలు వేసుకునే తెల్ల ఆదివారం పండగ ఇంకా నెల్లాళ్ళుందనగా జరిగిందిది. పాస్టరు భార్యను కాబట్టి ఇన్నాళ్ళూ ఈ సంగతి గుట్టుగా దాచాను. సవాయి దీవిలో ఇది తెలియనివాళ్ళెవరూ లేరు కాబట్టి ఇప్పుడు చెప్పినా నష్టం లేదు.

ఆమె పేరు ఫెతువావో. ఫెతూ అంటాం. నర్సు చదువు చదివి, రాజధాని ఆపియా పెద్దాసుపత్రిలో ఏడాది పనిచేసి, ఆ ఆగస్టులో మా జిల్లా ఆసుపత్రికి బదిలీ చేయించుకుని మా ఇంట్లో దిగింది. పది వారాలు పని చూస్తామనీ, తెల్ల ఆదివారానికి ముందు శుక్రవారం హెడ్ సిస్టర్ తెలేసియా రిపోర్టు రాస్తుందనీ, అది బాగుంటేనే ఉద్యోగం ఖాయమనీ చెప్పారు.

ఫెతూ పనిలో అంతవరకూ ఒక్క తప్పూ చెయ్యలేదు. ఆమె భయమంతా అదే.

"ఇప్పటిదాకా చెయ్యలేదంటే, చెయ్యాల్సిన తప్పు ఇంకా మిగిలే ఉందన్నమాట వదినా" అంది ఒకరోజు, చేమదుంప చెక్కు తీస్తూ. ఆ దుంపకి అప్పటికే చెక్కు లేదు. తీసిందో లేదోనని మళ్ళీ తీస్తోంది.

డ్యూటీ దిగి బస్సెక్కాక, మందుల బీరువాకి తాళం వేశానా అని దారిలో దిగిపోయేది. వెనక్కి నడిచి వెళ్ళి చూస్తే తాళం వేసే ఉండేది. మూడో వారానికల్లా బస్సు డ్రైవరు ఆ మలుపు దగ్గర ఎవరూ అడక్కుండానే ఆపడం మొదలుపెట్టాడు. ఇంజక్షను చేతిలోకి తీసుకుంటే వేళ్ళు వణికేవి. ఆ వణుకు రోగి చూశాడేమోనని ఇంకా వణికేవి.

ఇంట్లో ఎవరికి తోచిన వైద్యం వాళ్ళు చేశాం. నేను నారింజాకు టీ కాచి ఇచ్చాను. మా ఆయన ఎలియా, భయపడవద్దని చెప్పే వాక్యాలు నలభై ఏరి, చక్కటి దస్తూరీతో రాసి అద్దం పక్కన అంటించాడు. రోజూ అన్నీ చదివి బయల్దేరమన్నాడు. మొదటిరోజు ముప్ఫై తొమ్మిదోది చదువుతుండగా బస్సు వెళ్ళిపోయింది. దాంతో ఆలస్యమైందన్న భయం కొత్తగా వచ్చి చేరింది. విశ్వాసం ఉన్నచోట భయానికి చోటుండదని మా ఆయన రోజూ రాత్రి భోజనాల దగ్గర చెప్పేవాడు. పాస్టరుగారి చెల్లెలై ఉండి కూడా భయపడుతున్నానే అని ఫెతూ ఇంకాస్త కుంగేది.

పనికొచ్చే మాట చెప్పింది తెలేసియా ఒక్కతే. ఇంజక్షను ఇచ్చే ముందు ఆగు, కళ్ళు మూసుకో, ఐదు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకో అంది. ఫెతూ ఆ ఐదంకెల్లో ప్రార్థన కూడా ఇరికించింది. ఇంజక్షను మోతాదు లాంటి చిన్న సంగతికి దేవుణ్ణి పిలుస్తున్నానని ఎవరైనా వింటే నామోషీ అని, శబ్దం రాకుండా పెదవులు మాత్రం కదిపేది.

అక్కడొచ్చింది చిక్కు.

మా దగ్గర ప్రార్థనంటే గొంతెత్తి చేసేది. పక్కింటివాళ్ళకే వినబడని ప్రార్థన అంత పైనున్న దేవుడికి ఎలా వినబడుతుందని మావాళ్ళ అనుమానం. అలాంటి ఊళ్ళో, మంచం పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని, మాట బయటికి రానివ్వకుండా ప్రార్థన చేస్తున్నారంటే, అది రోగి చెవిన పడకూడని ప్రార్థనే అయ్యుండాలి. చేస్తున్నది పాస్టరుగారి చెల్లెలైతే ఇక అనుమానమే అక్కర్లేదు.

ఆ మంచం మీదున్నది ఉలుఫానువా సిమి. మా ఊరి పెద్దల్లో ఒకడు. చక్కెర జబ్బు వల్ల పాదం మీద పుండు మానక చేరాడు. పుండు తప్ప మిగతా మనిషి దివ్యంగా ఉన్నాడు. ఆసుపత్రిలో చేమదుంపలు పళ్ళులేనివాళ్ళ కోసం ఉడికిస్తున్నారని పొద్దుటి నుంచీ తగువు పెట్టుకుంటున్నాడు. ఆ శుక్రవారం ఫెతూ ఆయన మంచం దగ్గర మామూలుకన్నా ఎక్కువసేపు కళ్ళు మూసుకుంది. మోతాదు పన్నెండో పదహారో నాలుగుసార్లు చూసినా నమ్మకం కుదరక, దేవుణ్ణి ఐదోసారి చూడమని అడుగుతోంది. ఆయన భార్య మెలే విసనకర్ర ఆపి చూసింది. మొగుడితో ఏమీ అనలేదు. వరండాలోకి వెళ్ళి ఆక్లాండ్‌లో ఉన్న కూతురికి ఫోన్ చేసింది. అటునుంచి అటే మా ఇంటికి వచ్చింది.

మా ఆయన చాలా మంచి పాస్టరు. ఒకటే లోపం, తనకి తెలియదని చెప్పలేడు.

"అయ్యగారూ, మీకు ముందే తెలుసు కదూ" అంది మెలే, గుమ్మంలో కూలబడి.

ఫెతూ ఏదో చెప్పి ఉంటుందనీ, తానే పరాకుగా విని ఉంటాడనీ అనుకున్నాడు ఆయన. తలదించుకుని, "దేవుడి చిత్తం మెలే" అన్నాడు. ఇద్దరికీ టీ పోసింది నేనే. ఆయనకేమీ తెలియదని ఆ తలదించడంలోనే నాకు తెలిసింది. అయినా నోరు మెదపలేదు. ఊరివాళ్ళ ముందు పాస్టరుగారిని ఏం తెలుసని అడగడం పాస్టరమ్మకి తగదు కదా.

ఇక ఊరు ఆగలేదు. శనివారం ఆక్లాండ్ కూతురు విమానం దిగి, పడవెక్కి, నల్లబట్టలతో వచ్చేసింది. ఆదివారం సాయంత్రానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బంధువులు చాపలు మోసుకొచ్చారు. అమ్మమ్మల నాటి నాజూకు చాపలు, పెళ్ళికీ చావుకీ తప్ప పెట్టెలోంచి తియ్యనివి. ఆసుపత్రి ఆవరణలో సీమపనస చెట్టుకి పందుల్ని కట్టేశారు. చేపల డబ్బాల పెట్టెలు వరండాలో ఎత్తుగా పేర్చారు. తెల్ల ఆదివారం కోసం పిల్లలకి పాటలు నేర్పుతున్న మా గాయకబృందం, అవి పక్కన పెట్టి, కిటికీ కిందే అంత్యక్రియల పాటలు సాధన చేసింది. చనిపోయే మనిషికి మాత్రం ఎవరూ చెప్పలేదు. అది మర్యాద కాదు.

ఉలుఫానువా మొదట సంతోషించాడు. ఎవరో పోయినట్టున్నారు, మంచి పాటలు పాడుతున్నారు, మగగొంతులే కాస్త పలచగా ఉన్నాయని కిటికీలోంచి కేకేసి చెప్పాడు. కూతురు వచ్చి మంచం పక్కన కూర్చుని ఏడిస్తే, నన్ను చూడాలనొచ్చావు, చూశావు, ఇంకా ఏడుపెందుకని విసుక్కున్నాడు. సోమవారం పొద్దున్న కిటికీలోంచి చెట్టు కిందికి చాలాసేపు చూశాడు. తర్వాత ఫెతూని పిలిచాడు.

"సిస్టరమ్మా, ఆ మూతి మీద మచ్చున్న పంది నాది" అన్నాడు. "నాకు చెప్పకుండా నా పందిని ఎవరి చావుకి తీసుకొచ్చారు?"

ఫెతూ వెళ్ళి మెలేని అడిగింది. మెలే ఆమె చేతులు పట్టుకుని, నువ్వు దాచాలని చూశావు తల్లీ, ఆడదాని మనసు నీకు తెలుసు, కానీ నీ పెదవులు నేను చూశాను అంది. ఫెతూ ఇన్నాళ్ళూ జరగలేదని ఎదురుచూసిన తప్పు జరిగిపోయింది. అందులో సూది లేదు, మందు లేదు, అంకె లేదు. నాలుగుసార్లు, ఐదుసార్లు చూసుకోవాల్సిన వాటి జాబితాలో తన పెదవులు లేకపోవడమే ఆ తప్పు.

మధ్యాహ్నం భోజనానికి వెళ్ళకుండా కూర్చుని రాజీనామా రాసి తెలేసియాకి ఇచ్చింది. తెలేసియా దాన్ని విప్పకుండానే సొరుగులో పడేసింది. రిపోర్టు రాసే రోజున రెండూ కలిపి చూస్తాననీ, ముందు తన ఆవరణలోంచి ఆ పందుల సంగతి తేల్చమనీ చెప్పింది.

ఆ సాయంత్రం ఊళ్ళో ప్రార్థన వేళకి శంఖం ఊదాక మా ఇంట్లో ప్రార్థన అయింది, భోజనాలు కాలేదు. నేను పిల్లల తెల్లగౌన్లకి అంచులు కుడుతున్నాను. ఫెతూ గోడకి ఆనుకుని, నర్సు పని తన వల్ల కాదనీ, తాను మనసులో ఒక్క మాట అనుకున్నా మనుషులు చచ్చేలా ఉన్నారనీ చెప్పింది. మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"చూడు ఫెతూ, విశ్వాసం ఉన్నచోట..."

నా నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చాను.

"ప్రతి ఆదివారం ప్రసంగానికి ముందు వంటపాక వెనక వాంతి చేసుకునేదెవరో కూడా చెప్పండి దానికి" అన్నాను.

పద్నాలుగేళ్ళ కాపురంలో నేనాయన్ని అంత మాట అనడం అదే మొదలు. బయట కోడి ఒకటి మెట్లెక్కి, లోపలి వాతావరణం చూసి దిగిపోయింది.

"ప్రతి ఆదివారమా అన్నయ్యా?" అంది ఫెతూ చివరికి.

"పండగలకి రెండుసార్లు" అన్నాడు ఆయన.

పుల్పిట్ మెట్లెక్కే ముందు తన మోకాళ్ళు ఎలా ఉంటాయో, వాక్యం మర్చిపోతానేమోనని చొక్కా లోపల చీటీ ఎలా దాచుకుంటాడో చెప్పాడు. నలభై వాక్యాలు అంత గబగబా ఎలా ఏరాడో కూడా చెప్పాడు. కొత్తగా ఏరలేదట. అవి తనకోసం ఎప్పుడో రాసుకున్నవే. మెలే అడిగిన రోజున నాకు తెలియదు అనే ఒక్క మాట తన నోట రాలేదనీ, చెల్లెలు పెదవి మాత్రమే కదిపిందనీ, తలదించి దాన్ని చావు చేసింది తానేననీ అన్నాడు. అప్పుడు నేను, ఆవేళ టీ పోస్తూ అంతా తెలిసీ నోరు మెదపని సంగతి ఒప్పుకున్నాను. మొత్తానికి తప్పు మా ముగ్గురిదీ అయింది. ఆ రాత్రి ఫెతూ ముందుగా నిద్రపోవడం నాకు గుర్తుంది. భయం పోయి కాదు, దాంతో ఒక్కతే ఉండాల్సిన పని తప్పి.

మర్నాడు తెల్లవారుతుండగా నా పెట్టెలోంచి మా అమ్మ ఇచ్చిన చాప తీశాను. మా ఆచారం తెలిసిందే. పెద్ద తప్పు జరిగితే, తప్పు చేసినవాళ్ళు అవతలివాళ్ళ వాకిట్లో తలమీద చాప కప్పుకుని కూర్చుంటారు. వాళ్ళు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఎండ ఎక్కేదాకా అలాగే కూర్చోవాలి. అయితే పాస్టరు కుటుంబం చాప కింద కూర్చోవడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. పాస్టరు ముందు పెద్దలు వంగాలి గానీ, పెద్దల ముందు పాస్టరు వంగడమేమిటి? మేం ముగ్గురం వార్డు వరండా ముందు కూర్చుని చాప కప్పుకోగానే బృందం పాట మధ్యలో ఆగిపోయింది. తర్వాత చెట్టు కింద పందుల గురక తప్ప నాకేమీ వినబడలేదు.

లోపల మంచం కిర్రుమంది.

"అయ్యగారే? నా వాకిట్లోనే?" అన్న గొంతు వినబడింది. ఆ వెనకే ఇనపకర్ర నేలమీద ఈడ్చిన చప్పుడు. ఉలుఫానువా మందుసీసా వేలాడే స్తంభంతో సహా లేచి వస్తున్నాడు. ఆక్లాండ్ కూతురు కెవ్వుమంది. చాపలు మోసుకొచ్చిన బంధువులంతా లేచి నిలబడ్డారు. తాము ఎవరి చావుకి వచ్చారో ఆ మనిషి, కుంటుకుంటూ, ఆయాసపడుతూ, తిట్టుకుంటూ వాళ్ళ మధ్యలోంచి నడిచొచ్చాడు.

"ఆ పాదం కింద పెట్టకండి పెద్దయ్యా" అంది ఫెతూ, చాప కిందనుంచే. వణుకు లేదు ఆ గొంతులో. "బరువు వెయ్యకూడదని చార్టులో రాసుంది."

ఆయన ఆగి, ఒంటికాలి మీద నిలబడి, చాప ఎత్తాడు.

"మీరిలా కూర్చుంటే నాకు నిజంగానే చావొస్తుంది అయ్యగారూ" అన్నాడు. తర్వాత ఫెతూ వైపు తిరిగాడు. "ఆవేళ నా మంచం పక్కన దేవుడితో ఏం చెప్పుకున్నావు తల్లీ?"

ఫెతూ నేలకేసి చూసింది. "మందు సరైనదేనా, మోతాదు సరైనదేనా, చెయ్యి సరైనదేనా, మనిషి సరైనవాడేనా అని అడిగాను పెద్దయ్యా. నాకు పొరపాటు చేస్తానని భయం. రోజూ భయమే."

ఊరంతా వింటోంది. ఉలుఫానువా స్తంభానికి ఆనుకున్నాడు.

"మనిషి సంగతి దేవుణ్ణెందుకు అడగడం? నన్నడిగితే నేనే చెప్పేవాణ్ణిగా" అన్నాడు. "రేపట్నించి నాకు వినబడేలా చెయ్యి. ఆమెన్ నేనంటాను."

వచ్చిన పందుల్ని వెనక్కి తోలుకెళ్ళడం మా దగ్గర లేదు. ఊరి చావడిలో విందు చేశారు. చక్కెర రోగి కాబట్టి ఉలుఫానువా ఏం తినకూడదో ఫెతూ పక్కనే కూర్చుని చెప్పింది. విందులో ఉన్నవన్నీ అవే. తినడానికి లేనప్పుడు వినడానికైనా ఉండాలని, మా ఆయన రాసిపెట్టిన అంత్యక్రియల ప్రసంగం చదవమన్నాడాయన. మా ఆయన చదివాడు. తన దయాగుణం గురించిన భాగం పొట్టిగా ఉందనీ, చేపల వేట గురించి రాసింది తన తమ్ముడి సంగతనీ ఉలుఫానువా దిద్దించాడు. మెలే మాత్రం విందులో ఎవరి దగ్గరికీ రాలేదు. మొగుడి వెనకే కూర్చుని రోజంతా విసనకర్రతో విసిరింది.

మర్నాటి నుంచి ఫెతూ పైకే ప్రార్థన చేసింది. మొదట్లో గొంతు దోమ పాడినట్టుండేది. వినబడలేదని ఉలుఫానువా మూడుసార్లు చెప్పించేవాడు. వారం తిరిగేసరికి వార్డంతా అలవాటుపడింది. రోగి పేరు చెప్పి, మందు చెప్పి, అంకె చెప్పి, చెయ్యి చెప్పేది. మంచం మీద మనిషి ఆమెన్ అన్నాకే సూది గుచ్చేది. నొప్పి తక్కువగా ఉందని కొందరు, దేవుడికి తమ పేరు ప్రత్యేకంగా వెళుతోందని కొందరు సంబరపడ్డారు. తెలేసియా మాత్రం గుమ్మంలో చేతులు కట్టుకుని చూసేది. ఆవిడ ఏం రాస్తుందో ఎవరికీ అంతుపట్టలేదు. ఫెతూకి భయం తగ్గలేదు. బస్సు మలుపు దగ్గర ఆగడమూ మానలేదు.

రిపోర్టుకి ముందు రోజు, గురువారం, వార్డులో ఇంకో ఉలుఫానువా ఉన్నాడు. ఉలుఫానువా అన్నది ఊరిపెద్దల బిరుదు, మా ఊళ్ళో ముగ్గురు పంచుకుంటారు. ఈయన లెవీ, ఉబ్బసంతో ముందురోజే చేరాడు. నిద్రమత్తులో ఉన్నాడు. ఫైలు మంచం మీద పెట్టి ఉంది, పైన ఉలుఫానువా అని రాసి ఉంది. తెలేసియా పక్కనే నిలబడి చూస్తోంది. ఫెతూ మందు తీసి, ఆ కంగారులో మనిషి మొహం చూడకుండా ఫైలు మొదటి పేజీ మాత్రం చూసి, కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, ఉలుఫానువా సిమికి, చక్కెర మందు, పన్నెండు యూనిట్లు, కుడిచెయ్యి. నా చేతిని కాపాడు."

ఆమెన్ రాలేదు. ఫెతూ కళ్ళు తెరిచింది. లెవీ ఆయాసపడుతూ ఒక వేలు పైకెత్తాడు.

"అనలేను సిస్టరమ్మా. నేను లెవీని. నాకు చక్కెర లేదు."

"సిమిని నేనిక్కడున్నా" అన్నాడు కిటికీ దగ్గర ముసలాయన. "ఇంకా పోలేదు."

ఫెతూ సిరంజిని పళ్ళెంలో పెట్టేసింది. ఫైలు తిప్పి, ఆ మంచం మీద దాన్ని పెట్టిన వేళా, కింద సంతకమూ చూసి తెలేసియాకి అందించింది. సంతకం తెలేసియాదే. ఇరవై ఆరేళ్ళ అనుభవం ఉన్న ఆ మనిషి పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. కాసేపటికి లేచి తానే రెండు ఫైళ్ళూ మార్చి, లెవీ దుప్పటి సర్ది వెళ్ళిపోయింది. ఫెతూ ఇంటికొచ్చి ఇదంతా చెబుతూ రెండుసార్లు ఏడ్చింది. ఒకసారి జరగబోయినందుకు, ఒకసారి జరగనందుకు.

శుక్రవారం సాయంత్రం తెలేసియా మా ఇంటికొచ్చింది. ఇల్లంతా తెల్లగౌన్లు ఆరేసి ఉన్నాయి. వాటిని తప్పించుకుంటూ వచ్చి చాప మీద కూర్చుని, సంచిలోంచి రెండు కాగితాలు తీసి ఫెతూ ముందు పెట్టింది. ఒకటి రాజీనామా. ఇంకా విప్పలేదు. రెండోది రిపోర్టు.

"పై ఆఫీసుకి ఒక్క కాగితమే పంపుతాను" అంది. "ఏదో నువ్వే చెప్పు."

ఫెతూ రిపోర్టు తీసుకుంది. మా ఆయనా నేనూ చెరోపక్క నుంచీ తొంగిచూశాం. లోపాలు అన్నచోట, రోగి పక్కన బిగ్గరగా ప్రార్థన చేస్తుంది, వార్డంతా వినబడుతుంది అని రాసుంది. సిఫారసు అన్నచోట, ఉద్యోగం ఖాయం చెయ్యాలి, మిగతా నర్సులూ అలాగే పేరు, మందు, మోతాదు పైకి చదవాలి, నాతో సహా అని రాసుంది. కింద సంతకం.

ఫెతూ ఒకసారి చదివింది. రెండోసారి చదివింది. కాగితం తిప్పి వెనకవైపు కూడా చూసింది. ఆమె వేళ్ళు వణికి కాగితం గలగలలాడుతోంది. దాచే ప్రయత్నం చెయ్యలేదు.

"సిస్టర్, ఇందులో తేదీ వెయ్యలేదు" అంది.

తెలేసియా కాగితం వెనక్కి తీసుకుని చూసింది. కలం కోసం సంచంతా వెతికి, తేదీ వేసింది. రాజీనామాని నాలుగు మడతలు పెట్టి తిరిగి సంచిలో వేసుకుంది.

"మీ ఇంట్లో అందరూ ఇంతేనా అమ్మగారూ?" అంది నాతో.

"ఇంతకు ముందు మనసులోనే అనుకునేవాళ్ళం" అన్నాను.